మండలం, తాలూకా, ఫిర్కా: ఈ మాటలు ఎక్కడివి? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇంటి దస్తావేజు చదవాలన్నా, తాతగారి పుట్టిన ఊరు ఏ జిల్లాలో ఉందో తేల్చుకోవాలన్నా ముందు అడ్డొచ్చేవి ఈ మాటలే. మన ఊళ్ళను పాలించినవాళ్ళు మారినప్పుడల్లా ఊళ్ళను గుదిగుచ్చే పేరూ మారింది. పాత పేరు మాత్రం పూర్తిగా పోలేదు. కొన్ని ఇంటిపేర్లలోకి వెళ్ళాయి, కొన్ని శాఖల పేర్లలోకి, మరికొన్ని మన రోజువారీ మాటల్లోకి. ఎక్కువమంది అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

‘తాలూకా’ అసలు ఏ భాషది? దాని అర్థం ఏమిటి?

అరబ్బీ మాట. మూలంలో ‘తఅల్లుక్’. సంబంధం, ఒకదానికి ఒకటి చెంది ఉండటం అని అర్థం. పారశీకం, ఉర్దూల మీదుగా కచేరీ భాషలోకి, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చింది. మొదట్లో అది నేల కొలత కాదు, అధికారపు లెక్క. ఫలానా ఊళ్ళ శిస్తు ఫలానావారికి ‘చెందుతుంది’ అంటే ఆ ఊళ్ళన్నీ కలిపి వారి తాలూకా. శిస్తు ఎవరికి ముట్టాలో చెప్పిన మాట క్రమంగా ఆ ఊళ్ళున్న ప్రాంతానికే పేరైంది.

ఈ పాత అర్థాన్ని తెలుగు వదులుకోలేదు. ‘పెళ్ళివారి తాలూకు మనుషులు’, ‘ఆ కేసు తాలూకు కాగితాలు’ అని ఇప్పటికీ అంటాం. 2024 ఎన్నికల వేళ బళ్ళ నంబరు ప్లేట్ల మీద ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అన్న రాతలు రాష్ట్రమంతా తిరిగాయి. అక్కడ తాలూకా అంటే పరిపాలనా విభాగం కాదు, ‘వారి మనిషిని’ అని. అరబ్బీ మూలంలో ఉన్న అర్థం సరిగ్గా అదే. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో ఈ వాడుక మరీ ఎక్కువ. తాలూకాలు రద్దయ్యాక పుట్టిన పిల్లలు కూడా ఆ మాటను తడుముకోకుండా వాడుతున్నారు.

తాలూకా, తాలూక్దారు అన్ని చోట్లా ఒకటేనా?

కాదు. పాత కాగితాలు చదివేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అవధ్‌లో తాలూక్దారు అంటే పెద్ద భూస్వామి. బెంగాల్లో తాలూక్ అంటే చాలాచోట్ల జమీందారు కింద ఉండే చిన్న భూకమతం. మద్రాసు ప్రెసిడెన్సీలో తాలూకా అంటే జిల్లాలో ఒక భాగం, దాని మీద అధికారి తహసీల్దారు. నిజాం రాజ్యంలో తాలూకా మీద తహసీల్దారు ఉన్నా, తాలూక్దారు అన్న బిరుదు మాత్రం జిల్లా అధికారిది. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1865 ప్రాంతంలో చేసిన జిలాబందీతో, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టడంతో, జిల్లా పెద్ద ‘అవ్వల్ తాలూక్దార్’ అయ్యాడు. ఆయన కింద దోయమ్, సోయమ్ తాలూక్దార్లు ఉండేవారు. అంటే రెండో తాలూక్దారు, మూడో తాలూక్దారు.

కాబట్టి వరంగల్ వైపు పాత ఫర్మానాలో ‘తాలూక్దార్ సాహెబ్’ అని కనిపిస్తే ఏదో భూస్వామి అనుకోకండి. ఇవాళ్టి లెక్కలో ఆయన కలెక్టరు. ఆయన పైన సుబేదారు ఉండేవాడు, కొన్ని జిల్లాలు కలిపిన ‘సూబా’కు అధికారి. హనుమకొండలో ‘సుబేదారి’ అని పిలిచే పేట పేరు ఆ కొలువు మిగిల్చినదే. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే విద్యార్థులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

‘తహసీల్’ అంటే తాలూకాయేనా?

వాడుకలో దాదాపు ఒకటే, పుట్టుక మాత్రం వేరు. తహసీల్ అంటే వసూలు. తహసీల్దారు అంటే వసూలు చేసేవాడు. ఉత్తరప్రదేశ్, ఒడిశాల్లో విభాగం పేరే తహసీల్. మన దగ్గర విభాగం తాలూకా, అధికారి తహసీల్దారు. ‘కలెక్టర్’ అన్న ఇంగ్లీషు మాటకూ అర్థం వసూలుదారే. వారెన్ హేస్టింగ్స్ 1772లో బెంగాల్లో ఆ ఉద్యోగానికి రూపమిచ్చాడు. జిల్లా పెద్దదీ తాలూకా పెద్దదీ రెండు పేర్లూ శిస్తు నుంచే పుట్టాయి. న్యాయం, శాంతిభద్రతలు, సంక్షేమం వంటివి తర్వాత ఒక్కొక్కటే ఆ కుర్చీల మీదికి వచ్చి చేరాయి.

జిల్లా, తరఫు, సర్కారు: ఈ మూడింటికీ పొత్తు ఏమిటి?

జిల్లాకు మూలమైన అరబ్బీ మాటకు పక్కటెముక, పక్క అని అర్థం. తరఫ్ అన్నా పక్క, దిక్కు. బహమనీ సుల్తానులు తమ రాజ్యాన్ని తరఫ్‌లుగా విడగొట్టి ఒక్కొక్కదాని మీద తరఫ్దారును పెట్టారు. వారి మంత్రి మహమూద్ గవాన్ నాలుగు తరఫ్‌లను ఎనిమిది చేసినప్పుడు తెలంగాణ తరఫ్‌లోంచి రాజమహేంద్రవరం ఒకటిగా, వరంగల్ ఒకటిగా వేరుపడ్డాయి. విభాగం పేరుగా తరఫ్ మాయమైంది. ‘మా తరఫున మాట్లాడండి’ అన్నప్పుడు మాత్రం అది మన నోట్లోనే ఉంది. తాలూకుకు జరిగిందే దీనికీ జరిగింది.

సర్కార్ పారశీక మాట. మొఘలుల పద్ధతిలో సూబా కింద సర్కారు, సర్కారు కింద పరగణా. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కార్లను కలిపి ఉత్తర సర్కారులు అన్నారు. 1765లో మొఘలు ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, ఈ రెండింటితో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాటి మీద హక్కు తెచ్చుకుంది. ఆ తర్వాత సర్కారు అంటే జిల్లా అన్న అర్థం మరుగునపడి ప్రభుత్వం అన్న అర్థం మిగిలింది. ‘సర్కారు జిల్లాలు’ అన్నప్పుడు మాత్రం పాత అర్థం ఇంకా తొంగిచూస్తుంది. సర్కార్ ఎక్స్‌ప్రెస్ పేరులో ఉన్నదీ ఆ సర్కారే.

మరి ‘మండలం’ అచ్చంగా 1985లో పుట్టిన మాటేనా?

1985లో పుట్టింది మండల వ్యవస్థ. మాట చాలా పాతది. సంస్కృతంలో మండలం అంటే వలయం, గుండ్రనిది. సూర్యమండలం, భూమండలం అందులోంచి వచ్చినవే. ఋగ్వేదాన్ని పది మండలాలుగా విభజించారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజు చుట్టూ ఉండే మిత్రరాజ్యాలు, శత్రురాజ్యాల వలయం పేరు కూడా మండలమే.

దక్షిణాదిలో చోళుల కాలానికి అది పెద్ద రాష్ట్రభాగం. చోళమండలం అన్న పేరే విదేశీయుల నోట కోరమాండల్ అయింది. తొండైమండలానికి రాజరాజ చోళుడు జయంగొండచోళమండలం అని పేరు మార్చాడు. తిరుమల కొండ ఆ మండలంలో తిరువేంగడక్కోట్టం అనే భాగంలో ఉండేదని అక్కడి శాసనాలు చెబుతాయి. శ్రీవారి గుడి గోడల మీద తమిళ శాసనాలు చూసి ఆశ్చర్యపడేవారికి ఇది కొంత జవాబు.

మన వైపు ‘మహామండలేశ్వర’ అన్న బిరుదు చూడండి. పశ్చిమ చాళుక్యులకు సామంతులుగా ఉన్నంతకాలం కాకతీయులు ధరించిన బిరుదు అది. 1163 నాటి రుద్రదేవుడి హనుమకొండ శాసనం, వేయిస్తంభాల గుడిలోనిది, ఆ ఇంటివారు స్వతంత్రులుగా నిలబడిన ఘట్టాన్ని చెబుతుంది. అంటే మండలానికి ఈశ్వరుడంటే ఒకప్పుడు చక్రవర్తికి ఒక్క మెట్టు కింద ఉండే పాలకుడు. ఇప్పుడు మండలాధ్యక్షుడంటే ఎంపీపీ, మండల ప్రజా పరిషత్ అధ్యక్షుడు. మాట అదే, పరిధి కుదించుకుపోయింది.

పాత పుస్తకాల్లో ‘కృష్ణా మండలము’, ‘గుంటూరు మండలము’ అని ఉంటుంది. అది ఏ మండలం?

జిల్లా. ఇరవయ్యో శతాబ్ది మొదటి సగంలో పత్రికలు, సభల తీర్మానాలు, గ్రాంథిక భాషలో రాసే రచయితలు జిల్లాకు మండలము అనే రాసేవారు. జిల్లా పరభాషా పదమని, మండలం సంస్కృతమని వారి పట్టింపు. ‘దత్తమండలాలు’ ఇందుకు గట్టి సాక్ష్యం. 1800లో నిజాం కంపెనీకి ఒప్పగించిన జిల్లాలవి. థామస్ మన్రో 1807 దాకా వాటికి ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. ఎవరో ఎవరికో ధారపోసినట్టున్న ఆ పేరు ఆ నేల మనుషులకు నచ్చలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ నిలిచింది. ఒక పరిపాలనా నామాన్ని జనం తోసిపుచ్చి, తమ చరిత్రలోంచి మరొకటి వెదికి పెట్టుకున్న సందర్భం అది. ఈ వ్యాసంలోని పేర్లన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది దాని మీదే.

కాబట్టి 1985కు ముందరి రాతలో మండలం కనిపిస్తే జిల్లా అనీ, తర్వాతి రాతలో కనిపిస్తే తాలూకాకంటే చిన్నదనీ చదువుకోవాలి. ఈ తేడా పట్టించుకోకపోతే ‘గుంటూరు మండలములో ఇన్ని గ్రామాలు’ అన్న పాత లెక్క చదివి తెల్లబోతాం.

అసలు తెలుగు మాట ఏదీ లేదా?

ఉంది: నాడు. తమిళ, కన్నడాలతో మనం పంచుకున్న ద్రావిడ పదం. దీని వయసు తెలుగు రాత వయసుతో సమానం. వై.ఎస్.ఆర్. కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల మండలంలోని కలమళ్ళ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదిగా దాన్నే చెబుతారు. అందులో ఎరికల్ముతురాజు ధనంజయుడు ‘రేనాణ్డు’ ఏలుతున్నాడని ఉంది. తెలుగులో రాతి మీద చెక్కిన తొలి వాక్యాల్లోనే ఒక పాలనా ప్రాంతం పేరు ఉందన్నమాట.

ఆ తర్వాత పలనాడు, వెలనాడు, పాకనాడు, వేగినాడు, ములికినాడు, కాసలనాడు. ఇవి రాజ్యాలతో పాటు పోయినా మనుషులను అంటిపెట్టుకునే ఉన్నాయి. వెలనాటి, వేగినాటి, ములికినాటి, కాసలనాటి అని బ్రాహ్మణ శాఖలు. వెలనాటి, పాకనాటి అని రెడ్లలో శాఖలు. పెళ్ళి సంబంధాలప్పుడు ‘మీరు ఏ నాడు?’ అని పెద్దలు అడిగింది ఆ కుటుంబం వెయ్యేళ్ళ కింద ఏ ప్రాంతంలో ఉండేదన్న సంగతి.

శాసనాల్లో నాడు పక్కన అంకెలు కూడా ఉంటాయి. రేనాడు ఏడువేలు, సబ్బి వేయి. ఆ అంకె ఊళ్ళ లెక్కా, ఆదాయపు లెక్కా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రేనాట్లో నిజంగా ఏడు వేల ఊళ్ళు ఉన్నాయని మాత్రం ఎవరూ గట్టిగా అనరు.

‘రాష్ట్రం’ ఒకప్పుడు జిల్లా అంతే ఉండేదంటారు, నిజమేనా?

నిజమే. పల్లవుల నాటి శాసనాల్లో ముండరాష్ట్రం నెల్లూరు ప్రాంతంలోనిది, కర్మరాష్ట్రం గుంటూరు ప్రాంతంలోనిది. ఇవాళ్టి ఒక జిల్లా సైజు. తూర్పు చాళుక్యుల రాగిరేకుల్లో ‘విషయం’ అన్న మాట వస్తుంది. గుడివాడ ప్రాంతం వాళ్ళకు గుద్రవార విషయం. రాజు దానమిచ్చేటప్పుడు ఆ విషయంలో ఉండే రాష్ట్రకూట ప్రముఖులను, కుటుంబీకులను పిలిచి మరీ ఆజ్ఞ వినిపించేవాడు. అక్కడ రాష్ట్రకూటులంటే మాన్యఖేటం ఏలిన రాజవంశం కాదు, ఆ ప్రాంతపు పెద్దరైతులు. విజయనగర కాలానికి వచ్చేసరికి ‘రాజ్యం’ కూడా విభాగమే: ఉదయగిరి రాజ్యం, పెనుగొండ రాజ్యం, చంద్రగిరి రాజ్యం. వాటి కింద సీమలు, స్థలాలు. కొండవీటి సీమ అన్న పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఫిర్కా అంటే ఏమిటి? ఇప్పుడూ ఉందా?

అరబ్బీలో ఫిర్కా అంటే జట్టు, ఒక భాగం. మద్రాసు ప్రెసిడెన్సీలో తాలూకాకు, గ్రామానికి నడుమ ఉండే మెట్టు. దాని మీద రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. తెలంగాణలో ఆ ఉద్యోగి గిర్దావర్. మండలాలు వచ్చాక ఆంధ్రలో ఫిర్కా వాడుక తగ్గింది. తమిళనాడులో మాత్రం బతికే ఉంది, హోసూరు వైపు తెలుగువాళ్ళకు బాగా తెలుసు. కోలారు, బళ్ళారి వైపు తెలుగువాళ్ళు దాదాపు అదే అర్థంలో ‘హోబళి’ అంటారు.

ఏజెన్సీ, ముఠా అన్న పేర్లు మన్యంలోనే ఎందుకు?

కొండ ప్రాంతాల్లో కంపెనీ చట్టాలు మైదానంలో నడిచినట్టు నడవలేదు. పితూరీలు, అంటే తిరుగుబాట్లు, ఆగలేదు. 1839లో చేసిన చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ భాగాలను మామూలు కోర్టుల పరిధిలోంచి తప్పించి, గవర్నరుకు ‘ఏజెంటు’ హోదాలో కలెక్టరు చేతికిచ్చారు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. పాడేరు, రంపచోడవరం వైపు బస్సెక్కేవాళ్ళు ఇవాళ్టికీ ‘ఏజెన్సీకి వెళ్తున్నాం’ అనే అంటారు.

ముఠా అంటే అక్కడ కొన్ని కొండ ఊళ్ళ గుంపు. శిస్తు వసూలుచేసి కట్టే బాధ్యత ముఠాదారుది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం చదివేటప్పుడు ముఠాదార్లు అడుగడుగునా తగులుతారు. హక్కులు పోగొట్టుకుని మండిపడినవాళ్ళు ఆయనతో కలిశారు. పత్రికల్లో ‘దొంగల ముఠా’ చదివి చదివి ఆ మాటకు ఒకే అర్థం అలవాటైపోయింది. మన్యం చరిత్రలో అది గౌరవమైన పేరు. పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం వివరణ ఇస్తే పిల్లలు తప్పుగా అర్థం చేసుకోరు.

తాలూకాలను తీసేసి మండలాలు ఎందుకు పెట్టారు?

దూరం. తాలూకా కేంద్రం చాలా ఊళ్ళకు పూట ప్రయాణం. ఆదాయ ధ్రువపత్రానికో, పట్టాదారు పేరు మార్పుకో వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే, సారు లేకపోతే మళ్ళీ రావాలి. పైగా రెవెన్యూకు తాలూకా హద్దు ఒకటి, అభివృద్ధి పనులకు 1959లో వచ్చిన పంచాయతీ సమితి హద్దు మరొకటి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ ఉద్యోగాలను రద్దు చేసింది. 1985లో తాలూకాలు, ఫిర్కాల స్థానంలో మండలాలు తెచ్చింది. 1986 చట్టంతో సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. మూడు వందల పైచిలుకు సమితులున్న చోట దాదాపు 1,100 మండలాలయ్యాయి. ఎప్పుడూ ఆఫీసు చూడని పల్లెలు చాలా మండల కేంద్రాలయ్యాయి. బస్టాండు, బ్యాంకు, జూనియర్ కాలేజీ, చుట్టూ నాలుగు హోటళ్ళు అలా వచ్చినవే.

మండలాధికారికి మొదట మండల రెవెన్యూ అధికారి అని పేరు పెట్టారు. అదే ఎమ్మార్వో. కొన్నేళ్ళకు అధికారికంగా తహసీల్దార్ అన్న పాత పేరే తిరిగి వచ్చింది. బోర్డు మీద తహసీల్దార్ కార్యాలయం అని ఉంటుంది, ఆటోవాడికి మాత్రం ఎమ్మార్వో ఆఫీసు అని చెప్పాలి.

అయ్యప్ప మండల దీక్షకూ, మండల్ కమిషన్‌కూ దీనితో సంబంధం ఉందా?

దీక్షకు మాట వరకు ఉంది. 41 రోజుల కాలాన్ని మండలం అంటారు, ఒక ఆవృత్తి పూర్తయిందని. మండల్ కమిషన్‌కు మన మండలాలతో సంబంధం లేదు. 1979లో నియమించిన ఆ సంఘానికి అధ్యక్షుడు బిందేశ్వరీ ప్రసాద్ మండల్. అది ఆయన ఇంటిపేరు.

పక్క రాష్ట్రాల్లో ఏమంటారు?

కర్ణాటకలో తాలూకు, మహారాష్ట్రలో తాలుకా, బీహారులో అంచల్. తమిళంలో తాలూకాకు అధికారిక నామం ‘వట్టం’, జిల్లాకు ‘మావట్టం’. వట్టం అంటే గుండ్రనిది. మనం సంస్కృతంలోంచి మండలం తెచ్చుకున్నాం, వాళ్ళ మాటలోనూ అదే వలయం ఉంది. బంగ్లాదేశ్‌లో ‘ఉపజిలా’ అంటారు. ఉప సంస్కృతం, జిలా అరబ్బీ, రెండూ ఇమిడిపోయాయి.

పాత దస్తావేజులో ఉన్న తాలూకా ఇప్పుడు ఏ మండలమో ఎలా తెలుసుకోవాలి?

ఒక ఉదాహరణ. 1950ల నాటి క్రయ దస్తావేజు ఇలా మొదలవుతుంది: ‘గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా, చీరాల గ్రామ కాపురస్తులు...’ ఆ చీరాల 1904 దాకా కృష్ణా జిల్లాలో, తర్వాత గుంటూరు జిల్లాలో, 1970 నుంచి ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తర్వాత ప్రకాశం అని పేరు పెట్టుకున్న జిల్లాలో, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. ఊరు అంగుళం కదలకుండానే నాలుగు జిల్లాలు చూసింది.

కాబట్టి జిల్లా, తాలూకాల పేర్లు పట్టుకుని వెదకవద్దు. రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు పట్టుకోండి. మారకుండా నిలిచేవి చాలావరకు అవే. దస్తావేజులో ‘మజరా’ అని గానీ ‘శివారు’ అని గానీ ఉంటే మీ ఊరు మరో రెవెన్యూ గ్రామంలో భాగమని అర్థం. ఆ పెద్ద గ్రామం పేరుతో చూస్తేనే ఊరి భూముల రికార్డులో (ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ) మీ పొలం కనిపిస్తుంది. తేదీ ‘ఫసలీ’లో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటే ఆంధ్ర ప్రాంతపు కాగితాలకు 590 కలపండి: ఫసలీ 1362 అంటే 1952 జూలైలో మొదలైన సంవత్సరం.

కొత్త మండలం, కొత్త జిల్లా ఏర్పడితే పాత దస్తావేజు మార్పించుకోవాలా?

అక్కర్లేదు. రాసిన నాటికి ఉన్న పేర్లతో ఆ దస్తావేజు చెల్లుతుంది. తెలంగాణలో 2016 దసరా నాడు పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటలతో 33. ఆ మార్పుల వల్ల ఎవరి హక్కూ పోలేదు. ఇకముందు రాయించే కాగితంలో మాత్రం కొత్త జిల్లా, కొత్త మండలం రాయించి, పక్కనే ‘పూర్వపు ఫలానా తాలూకా’ అని చేర్పించండి. లింకు దస్తావేజులు సరిచూసేవారికి పని తేలికవుతుంది. గ్రామాలు ఏ మండలంలోంచి ఏ మండలంలోకి వెళ్ళాయో ప్రభుత్వ గెజిట్‌లో ఊరి పేర్లతో సహా ఉంటుంది. బ్యాంకులో ఎవరైనా పట్టుబడితే ఆ ప్రతి ఒకటి చూపించవచ్చు.